సర్టిఫికెట్లు 23 ఉన్నాయి, తెలుగు పుస్తకం వెతికితే దొరకదు. లైబ్రేరియన్లకు పని నేర్పే వర్క్‌షాప్ ఏది?

అనంత_లైబ్రరీ (అనంతపురం):

అందరికీ నమస్కారం. అనంతపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని, చేరి ఆరేళ్లయింది. లైబ్రరీ పెద్దదేం కాదు, 11 వేల పుస్తకాలు, అందులో తెలుగువి నాలుగు వేల పైచిలుకు, నేను, ఒక అటెండరన్న, అంతే. పోయినేడు మా పాత స్టూడెంట్ ఒకబ్బాయి పుణ్యమా అని కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ వేసుకున్నాం. ఇంగ్లీషు పుస్తకాలన్నీ ఎక్కించేశాను, బాగానే నడుస్తోంది. తెలుగు దగ్గరే నా పరువు పోతోంది. పేరు కొడితే ఒక్కోసారి ఏమీ రాదు, ఒక్కోసారి సంబంధం లేనివి ఇరవై వస్తాయి. మొన్న బీఏ సెకండియర్ పిల్ల ఒకతి వచ్చి కంప్యూటర్లో వెతికి "లేదంట మేడం" అని వెళ్లిపోబోయింది. ఆ పుస్తకం నా వెనక బీరువాలోనే ఉంది, పచ్చ అట్ట, కింది మూల చెద తినింది, కళ్లు మూసుకుని తీసిస్తాను. తీసిచ్చాను కూడా. "మరి కంప్యూటర్ ఎందుకు మేడం?" అంది. ఏం చెప్పను?

ఇక అసలు ప్రశ్న. మా వాళ్లు ఏడాదికి ఒక్క ట్రైనింగ్‌కే ఓడీ (డ్యూటీ కిందే లెక్కేసే అనుమతి) ఇస్తారు, డబ్బు మాత్రం మనదే. బెంగళూరులో 5 రోజుల కోహా వర్క్‌షాప్ ఉందని వాట్సాప్‌లో వచ్చింది, ఫీజు 5 వేలు, హాస్టల్, తిండి వేరే. నా జీతం 18 వేలు, ఆలోచించాల్సిన మొత్తమే. ఇంకొకటి ఆన్‌లైన్‌లో ఉచితం, 7 రోజులు, సాయంత్రం రెండేసి గంటలు. ఉచితమైనవి నేను బాగా చూశాను. 2020 లాక్‌డౌన్‌లో రోజుకో వెబినార్, చివర్లో గూగుల్ ఫామ్ నింపితే సర్టిఫికెట్. ఫైల్లో లెక్కపెడితే 23 ఉన్నాయి. అందులో ఒకటి లైబ్రరీల్లో కృత్రిమ మేధ గురించి, అది వింటూ పప్పు తాలింపు పెట్టాను, ఇప్పుడు ఆ పప్పే గుర్తుంది.

డబ్బు కట్టకముందే ఇది పని నేర్పేదా, ఫొటో దిగి పంపించేదా అని కనుక్కోవడం ఎలా? వెళ్లొచ్చినవాళ్లు ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):

అమ్మా, నేను రిటైరై నాలుగేళ్లు. సర్వీసులో వర్క్‌షాపులకు పోయాను, రెండింటికి ఏర్పాట్లు కూడా చేశాను, కాబట్టి లోపలి సంగతి చెప్తా.

బ్రోచర్‌లో టాపిక్ చూడొద్దు, టైంటేబుల్ చూడండి. మొదటి రోజు పదిన్నరకు ప్రారంభోత్సవం అంటారు, ముఖ్య అతిథి పదకొండున్నరకు వస్తాడు, వేదిక మీద తొమ్మిది మంది, తొమ్మిది మందీ గ్రంథాలయ శాస్త్రం రంగనాథన్ గారి ఐదు సూత్రాలే చెప్తారు. లైబ్రేరియన్లకు ఐదు సూత్రాలు చెప్పడమేందో నాకు ఈనాటికీ అర్థం కాదు, అవి 1931 నుంచి ఉన్నాయి, మేము పరీక్ష రాసి వచ్చినవాళ్లం. చివరి రోజు మధ్యాహ్నం నుంచి ముగింపు సభ. అంటే ఐదు రోజుల్లో ఒకటిన్నర ఆడికే పాయె. మిగిలిన దాంట్లో ల్యాబ్ ఎన్ని గంటలు, మనిషికొక సిస్టమ్ ఉందా, ఇది అడగాలి. ఒకసారి పక్క రాష్ట్రానికి పోయినాను, పేరు ఎందుకులే. అరవై మందిమి, ల్యాబులో నలభై కంప్యూటర్లు, ఆన్ అయ్యేవి ఇరవై రెండు. ఇద్దరి భుజాల మధ్య నుంచి తొంగి చూస్తూ, కోహాకు ముందు వేసుకోవాల్సిన ఉబుంటు ఇన్‌స్టాల్ చేయడం నేర్చుకున్నా. నీలం గీత ముప్పావు దాకా వచ్చింది, కరెంటు పోయింది. యూపీఎస్ ఉంది, దాంట్లో బ్యాటరీలు లేవు. మళ్లీ మొదటి నుంచి. శాలువా మాత్రం అరవై మందికీ కప్పినారు, అది మా ఇంట్లో ఇప్పటికీ మిక్సీ మీద కప్పి ఉంటుంది.

మీరు నిర్వాహకుడికి ఫోన్ చేసి ఒక్క మాట అడగండి: "సార్, మా లైబ్రరీ డేటా పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటాను, దాని మీదే పని చేయిస్తారా?" తీసుకురామ్మా అని వెంటనే అంటే పోండి. నసిగితే ఆ ఐదు వేలు మిగుల్చుకోండి. ఎందుకంటే వాళ్లు చూపించే శాంపిల్ డేటాలో అన్నీ ఇంగ్లీషు పుస్తకాలే, ఏ పీడా ఉండదు, ఇంటికొచ్చి మన బీరువా తెరిస్తే కదా అసలు కథ.

మా కాలంలో సర్టిఫికెట్ కోర్సుకు విజయవాడ పోయేవాళ్లం, గ్రంథాలయ సంఘం వాళ్లది, సర్వోత్తమ భవనంలో. ఆ సర్వోత్తమరావు గారు, గాడిచర్ల వారు, పుట్టింది మా కర్నూల్లోనే, ఆ సంగతి ఇక్కడ సగం మందికి తెలియదు. ఆడ మాకు పాఠం చెప్పిన మాస్టారు పొద్దున రాగానే ఇరవై పుస్తకాలు టేబుల్ మీద పోసేవారు. ఐదు అంగుళాలు, మూడు అంగుళాల కార్డు. ఇరవైకీ కేటలాగ్ కార్డు రాసి, పుస్తకం ఏ విషయానిదో చెప్పే డ్యూయీ నంబర్ వేస్తేనే టీకి వదిలేవారు. తెలుగు సాహిత్యం 894.827 అని నాకు నిద్రలో లేపినా వస్తుంది, అది ఆ టీ కోసం నేర్చుకున్నదే.

కడప_కేటలాగ్ (కడప):

పైన సార్ చెప్పినదంతా నిజమే కానీ సర్టిఫికెట్లను మరీ అంత తీసిపారేయొద్దు సార్. యూజీసీ స్కేల్లో ఉన్నవాళ్లకు అవే అన్నం పెడతాయి. 2018 రెగ్యులేషన్స్ ప్రకారం కాలేజీ లైబ్రేరియన్ జీతం లెవెల్ 10 నుంచి 11కి పోవాలంటే 21 రోజుల ఓరియెంటేషన్ ఒకటి, ఆటోమేషన్ లేదా డిజిటైజేషన్ మీద కనీసం 5 రోజుల ట్రైనింగ్ ఒకటి చూపించాలి. పీహెచ్‌డీ ఉంటే నాలుగేళ్లకు, ఎంఫిల్ అయితే ఐదు, రెండూ లేకపోతే ఆరేళ్లకు. నేను గవర్నమెంటు డిగ్రీ కాలేజీలో ఉన్నాను, 21 రోజులకు తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీకి పోయాను, అక్కడి ట్రైనింగ్ సెంటర్‌ని అప్పుడు హెచ్ఆర్‌డీసీ అనేవాళ్లు, ఇప్పుడు మాలవీయ మిషన్ సెంటర్ అంటున్నారు. అందులో నిజంగా లైబ్రరీ పనికి సంబంధించినది నాలుగు రోజులు ఉంటే గొప్ప. కానీ పక్క కుర్చీలో కూర్చున్న చిత్తూరు మేడం ఎక్సెల్‌లో డూప్లికేట్లు తీసేయడం టీ బ్రేక్‌లో నేర్పింది, ఆ విద్యతోనే కొన్న పుస్తకాలన్నీ వరసగా రాసుకునే మా అక్సెషన్ రిజిస్టర్ మొత్తం సరిచేశాను.

చెల్లీ, మీది ప్రైవేటు మేనేజ్‌మెంట్, కన్సాలిడేటెడ్ జీతం, ఈ ప్రమోషన్ లెక్కలు మీకు వర్తించవు. అందుకని కాగితం కోసం రూపాయి కూడా పెట్టకండి. కోహా మీద ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్స్ ఉన్నాయి, ఉచితం, పది పదిహేను నిమిషాల వీడియోలు, ఆపుకుంటూ పక్కన చేసుకుంటూ పోవచ్చు. థియరీ మర్చిపోయి ఉంటే యూజీసీ వాళ్ల ఈ-పీజీ పాఠశాల సైట్‌లో లైబ్రరీ సైన్స్ పేపర్లన్నీ ఉన్నాయి. బెంగళూరు అన్నారు కాబట్టి అడుగుతున్నా, పెట్టేది డీఆర్‌టీసీ వాళ్లా? రంగనాథన్ గారు 1962లో పెట్టిన సంస్థ అది, వాళ్లదైతే నేనైనా అప్పు చేసి పోతాను. వేరే ఎవరిదైనా అయితే బురుజు సార్ చెప్పిన ఫోన్ చేయండి.

ఇంకోటి, తెలుగు పేర్ల గొడవ సాఫ్ట్‌వేర్‌ది ఒక్కటే కాదు. మా కేటలాగ్‌లో పుట్టపర్తి నారాయణాచార్యులు గారు ముగ్గురు మనుషులుగా ఉండేవారు. ఒకచోట పుట్టపర్తి నారాయణాచార్యులు, ఒకచోట నారాయణాచార్యులు పుట్టపర్తి, మూడోచోట ఎన్. పుట్టపర్తి. ఆయన ఉన్న ఊరు ఇది, ఆ ఊరి కాలేజీలోనే ఈ గతి! ఇంగ్లీషు వాళ్లకు ఇంటిపేరు చివర, మనకు ముందు, ఎక్కించినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కోలా తిప్పారు. ఇంటిపేరు ముందు, కామా, తర్వాత సొంత పేరు అని ఒక కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించాను, రచయిత పేరు ఒకే తీరుగా ఉంచే అథారిటీ ఫైల్‌లో కూడా అదే పెట్టాను. ఈ సంగతి ఏ వర్క్‌షాప్‌లోనూ ఎవరూ చెప్పలేదు, చెప్పేవాళ్లకు కూడా తెలుగు పుస్తకాలు ఉంటాయన్న ఆలోచన రాదనుకుంటా.

మా కాలేజీ సంగతి కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే పెద్ద ఆరిందాలా మాట్లాడినట్టు ఉంటుంది. కేంద్రమే జర్నల్స్‌కు చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ 2025 జనవరి నుంచి వచ్చింది కదా, 30 పబ్లిషర్లు, దాదాపు 13 వేల జర్నల్స్, మూడేళ్లకు 6,000 కోట్లు. గవర్నమెంటు కాలేజీ కాబట్టి మాకూ వచ్చింది. కెమిస్ట్రీ సార్ వచ్చి "ఎలా తెరవాలమ్మా" అంటే నేను గంటసేపు తడబడ్డాను. అలాంటి దానికి ఒక్క పూట ట్రైనింగ్ చాలు, ఆ ఒక్క పూట మటుకు దొరకదు.

పెన్నా_తీరం (కడప జిల్లా):

అక్కా, నేను లైబ్రేరియన్‌ని కాదు, రెండు కాలేజీలకు కోహా చూసుకుంటా. మీ లక్షణాలు చూస్తే రెండు జబ్బులు కలిసినట్టున్నాయి.

మీ తెలుగు లిస్టు ఎక్సెల్‌లో ఎవరు కొట్టారు, ఎప్పుడు? పాతదైతే డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్స్‌లో ఉంటుంది. తెలుసుకోవడం తేలిక, ఒక పుస్తకం పేరు కాపీ చేసి మీ ఫోన్‌కి వాట్సాప్ చేసుకోండి. తెలుగులో కనబడితే యూనికోడ్, అంటే ఏ కంప్యూటరైనా, ఫోనైనా చదివే తెలుగు. ఇంగ్లీషు అక్షరాలూ, డాలర్లూ, కొక్కేలూ కలిసి గజిబిజిగా కనబడితే అను. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్లో అది కంటికి తెలుగే, కోహాకు మాత్రం కొక్కేలే. మీ పిల్లలు ఫోన్ కీబోర్డుతో తెలుగు కొడితే అది ఎప్పటికీ దొరకదు. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి, మార్చాక వత్తులు, అరసున్నలు కంటితో చూసుకోవాలి, నూటికి నూరూ సరిగా రావు.

మార్చిన తర్వాత ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీగా సేవ్ చేయొద్దు, తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది. సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని విడిగా ఉంటుంది, అదే ఎంచుకోండి. దాన్ని మార్క్‌ఎడిట్‌తో మార్క్ రికార్డులుగా, అంటే కోహా చదివే నంబర్ల గళ్లుగా మార్చాలి, అది ఉచితమే. పేరు 245లో, రచయిత 100లో, డ్యూయీ నంబర్ 082లో, కాపీ వివరాలు, బార్‌కోడ్ 952లో. ఒకేసారి నాలుగు వేలు తోయకండి, ముందు ముప్పై తోసి చూడండి.

రెండో జబ్బు, సంబంధం లేనివి ఇరవై రావడం. కోహాలో వెతికే పని చేసేది జీబ్రా. దానికి మొదట్లో వచ్చే సెట్టింగ్ ఇంగ్లీషు లాంటి లిపుల కోసం, తెలుగు మాటను ఎక్కడ విరవాలో దానికి తెలియదు. దాన్ని ఐసీయూకి మార్చాలి. ఐసీయూ అంటే ఆసుపత్రిది కాదు, అన్ని లిపులూ తెలిసిన యూనికోడ్ సెట్టింగ్, భయపడకండి. జీబ్రా ఫోల్డర్లో డిఫాల్ట్ ఇండెక్స్ ఫైల్ ఉంటుంది, అందులో క్యారెక్టర్ మ్యాప్ లైన్ల బదులు ఐసీయూ చైన్ లైన్లు పెట్టి, జీబ్రా రీస్టార్ట్ చేసి, మొత్తం రీఇండెక్స్ చేయాలి. సిస్టమ్ ప్రిఫరెన్సుల్లో కూడా ఐసీయూ అని ఒకటి ఉంటుంది, అదీ ఆన్ చేయండి. ముందు బ్యాకప్! మీ పాత స్టూడెంట్‌కి ఈ పోస్టు పంపితే అరగంటలో చేసేస్తాడు.

దీనికి ఐదు రోజులు, ఐదు వేలు అవసరం లేదని నా ఉద్దేశం. కానీ బ్యాకప్ ఎలా తీయాలి, వర్షన్ ఎలా మార్చాలి అనేవి ఎదురుగా కూర్చుని ఒకసారి చేస్తేనే భయం పోతుంది, అందుకైతే పోవచ్చు.

ఆలూరు_శాఖ (కర్నూలు జిల్లా):

మీ మాటలన్నీ చదువుతుంటే నవ్వూ వస్తుంది, కుళ్లూ వస్తుంది. కాలేజీల వాళ్లు ఏ వర్క్‌షాప్‌కి పోవాలా అని ఎంచుకుంటున్నారు, మమ్మల్ని పిలిచేవాళ్లే లేరు. శాఖా గ్రంథాలయంలో పదకొండేళ్లుగా ఉన్నా, రెండంటే రెండు ట్రైనింగులు, రెండూ ఒక్క పూటవే. 1960 చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు, జనం కడుతూనే ఉన్నారు, అందులోంచి మాకు ఒక పెన్‌డ్రైవ్ అంత చదువైనా చెప్పించొచ్చు కదా.

మాకు కోహా వద్దు ముందు. పొద్దున ఎనిమిదికి తాళం తీసేసరికి గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదివే పిల్లలు మెట్ల మీద కూర్చుని ఉంటారు. పాత ప్రశ్నపత్రాలు ఎక్కడ దొరుకుతాయి, నోటిఫికేషన్ ఎలా చదవాలి, ఇవి అడుగుతారు. సాయంత్రం స్కూలు పిల్లలు వస్తారు, వాళ్లను పది నిమిషాలు కథతో కూర్చోబెట్టడం ఎలాగో ఎవరైనా నేర్పితే అది నాకు ట్రైనింగ్. గ్రంథాలయ వారోత్సవాలు వస్తే నవంబర్ 14 నుంచి 20 దాకా వ్యాసరచన, వక్తృత్వం, ముగ్గులు, ఏటా అదే. మారుద్దామంటే ఎలాగో తెలియదు.

నాకు ఇన్నేళ్లలో బాగా పనికొచ్చింది ఒక్కటే, అదీ ఆదోనిలో బైండింగ్ షాపు తాత నేర్పింది. మైదా జిగురు ఉడికేటప్పుడు చిటికెడు మైలుతుత్తం వేస్తే పురుగు పట్టదు. పుస్తకం వెన్ను ఊడితే ఈనెపుల్లతో జిగురు లోపలికి పూసి, రాత్రంతా ఇటుక కింద పెట్టమన్నాడు. మైలుతుత్తం విషం, చేతులు కడుక్కోమని కూడా ఆయనే చెప్పాడు. ఇప్పటికి మూడు వందల పుస్తకాలు నిలబెట్టాను. దానికి సర్టిఫికెట్ లేదు మరి.

కడప_కేటలాగ్:

ఆలూరన్నా, మీ మాట న్యాయమే. మైలుతుత్తం సంగతి మా అటెండర్‌కి చదివి వినిపించాను. పాత పుస్తకాల మీద ఇష్టం ఉంటే కడప వచ్చినప్పుడు ఎర్రముక్కపల్లెలో సి.పి. బ్రౌన్ లైబ్రరీకి రండి, యోగి వేమన యూనివర్సిటీ కింద ఉంది. తాళపత్రాలు చూడొచ్చు. ఆకు పెళుసెక్కకుండా నిమ్మగడ్డి నూనె పట్టిస్తారు, ఆ పని దగ్గర నిలబడి చూస్తే చాలా తెలుస్తుంది. నేను మొదటిసారి పోయినప్పుడు ఊపిరి బిగబట్టి ఒక ఆకు పట్టుకున్నాను, విరుగుతుందేమోనని.

అనంత_లైబ్రరీ:

పది రోజులు కనబడలేదు, క్షమించండి. పెన్నా తీరం తమ్ముడూ, మీరు చెప్పిందే నిజం. వాట్సాప్ చేసి చూస్తే "రాయలసీమ" అన్న మాట కొక్కేలూ గీతలుగా వచ్చింది. నాకు ముందున్న సార్ లిస్టంతా అనులోనే కొట్టిపెట్టారు. ఆయన తప్పేం లేదు, అప్పట్లో అందరూ అదే కొట్టేవాళ్లు. ముప్పై పుస్తకాలు మార్చి ఎక్కించాను, మా స్టూడెంట్ వీడియో కాల్‌లో ఐసీయూ లైన్లు మార్చాడు, బ్యాకప్ తీసే దాకా నేను వాణ్ని ముట్టుకోనివ్వలేదు. రీఇండెక్స్ అయ్యాక ఆ పచ్చ అట్ట పుస్తకం పేరు కొట్టాను. వచ్చింది! ఒక్కటే వచ్చింది, పక్కన అడ్డమైనవేమీ లేవు. అటెండరన్నను పిలిచి చూపించాను. "ఇది ఈ బీరువాలో ఉండేదే కదా మేడం" అన్నాడు.

ముప్పైలో 26 దొరుకుతున్నాయి, నాలుగు దొరకడం లేదు. మూడు ఇంటిపేర్ల తికమకే, కడప అక్క చెప్పినట్టు సరిచేస్తున్నా. నాలుగోది షేక్‌స్పియర్ అనువాదం. అక్షరాలన్నీ సరిగానే ఉన్నాయి, ఎందుకు రాదో అంతుబట్టడం లేదు.

బెంగళూరు వాళ్లకు ఫోన్ చేశాను. "డేటా ఎందుకు మేడం, మేమే ఇస్తాం, కిట్ బ్యాగ్ కూడా ఇస్తాం" అన్నారు. మానుకున్నా.

పెన్నా_తీరం:

అక్కా, అది కనబడని అక్షరం. షేక్‌స్పియర్ అని క పొల్లు విడిగా నిలబడాలంటే మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అని ఒకటి పడాలి. అది పడకపోతే స కిందికి దిగి షేక్స్పియర్ అవుతుంది. మీ రికార్డులో ఒకలా ఉంటుంది, మీరు వెతికేది ఇంకోలా కొట్టి ఉంటారు, కంప్యూటర్‌కి రెండూ వేరు మాటలు. ఇలాంటి పేర్లకు రెండో రూపం కూడా అదే రికార్డులో 246లో పెట్టేయండి, ఎలా కొట్టినా దొరుకుతుంది. నేను దీని మీద ఒకప్పుడు రెండు రాత్రులు పోగొట్టుకున్నా.

కడప_కేటలాగ్:

చెల్లీ, ఓడీ మిగిలింది కదా, దాన్ని వేస్ట్ చేయకండి. వచ్చే రెండో శనివారం మా కాలేజీకి రండి. మీ నాలుగు వేలూ తెచ్చుకోండి, నా దగ్గర కూడా వెయ్యి అను రికార్డులు మూలుగుతున్నాయి. పెన్నా తీరం తమ్ముడు వస్తానన్నాడు, బస్సు చార్జీలు మనమిద్దరం వేసుకుందాం. ప్రిన్సిపాల్ గారిని అడిగాను, ల్యాబ్ తాళం ఇస్తామన్నారు. అటెండెన్స్ సర్టిఫికెట్ కాలేజీ లెటర్‌హెడ్ మీద నేనే రాయించి ఇస్తా, మీ వాళ్లకు చూపించుకోవచ్చు.

కొండారెడ్డి_బురుజు:

నేను కూడా వస్తానమ్మా, పిలవకపోయినా. ప్రారంభోత్సవం పెట్టొద్దు.

అనంత_లైబ్రరీ:

తప్పకుండా వస్తా అక్కా. ఆరింటి బస్సు ఎక్కితే పదిన్నర, పదకొండుకల్లా దిగుతాను. ఓడీ లెటర్‌లో ప్రోగ్రాం పేరు రాయాలంట, ఏం రాయమంటారు?

కడప_కేటలాగ్:

తెలుగు రికార్డులు మార్చడం అని రాయండి. వీలైతే ఐదింటి బస్సే ఎక్కండి, మా బ్లాకులో శనివారం పన్నెండుకు కరెంటు తీస్తారు, మళ్లీ రెండుకే. అన్నం మా ఇంట్లో.